అన్నం పెట్టే చెక్కల మీద కాలు

బర్ దుబాయ్‌లో ఒక పక్క చీరల కొట్టు, ఇంకో పక్క దర్జీ కొట్టు, నడుమ మంచు మీద జారే చెక్కలు అమ్మే దుకాణం. బయట ఎండకు రోడ్డు మెత్తబడి చెప్పు అంటుకుంటుంటే, లోపల అద్దం వెనక ఉన్ని టోపీ, చేతి తొడుగులు వేసుకున్న బొమ్మ నిలబడి ఉంటుంది. కొత్తగా చూసినవాళ్ళు ఆగి నవ్వుతారు. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. మాల్ లోపలే కొండ కట్టి ఏడాది పొడుగునా మంచు కురిపించే మారాజులున్న ఊళ్ళో, ఆ మంచు మీదికి స్కీలు అమ్మే కొట్టు ఒకటి ఉంటే తప్పేముంది?

దుకాణం యజమాని అబూ హమద్ ఇక్కడి అరబ్బే. వయసులో ఉండగా ఏదో చలిదేశం వెళ్ళి, మంచు చూసి, మనసు అక్కడే పారేసుకుని వచ్చాడు. తండ్రి కట్టించిన భవనంలో కింది వాటా ఖాళీ అయితే అందరూ బట్టల కొట్టు పెట్టమన్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆయన స్కీల కొట్టు పెట్టాడు. రోజూ పొద్దున కాళ్ళదాకా జారే తెల్లటి కందూరా వేసుకుని వచ్చి, ఏసీ గడ్డకట్టేలా పెట్టించి, శాలువా కప్పుకుని, అరబ్బు కాఫీ, గావా తాగుతూ కూర్చుంటాడు. చలి వెయ్యని చోట స్కీలు ఎవరు కొంటారని ఆయన వాదన. పనివాళ్ళంతా ఆయన్ని దొర అన్నట్టుగా అర్బాబ్ అంటారు. పనివాళ్ళంతా అంటే భోజన్న ఒక్కడే.

భోజన్నది నిర్మల్ దగ్గర పల్లె. యాభై దాటాయి. సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటూ, తెల్లవారకముందే బస్సెక్కి, కట్టడాల దగ్గర ఇటుకలు మోసిన మనిషి. కరోనా వచ్చిన ఏడు కంపెనీ మూతపడి దిక్కులు చూస్తున్నప్పుడు, ఎవరో ఈ అర్బాబ్ దగ్గరికి పంపారు. అర్బాబ్ అడిగింది ఒకటే ప్రశ్న, ఇస్త్రీ వచ్చా అని. క్యాంపులో అందరి చొక్కాలూ ఇస్త్రీ చేసేది తనే కాబట్టి భోజన్న ధైర్యంగా తలూపాడు. తీరా మొదటిరోజు చేతికి ఇస్త్రీ పెట్టె ఇచ్చి, ఎదురుగా చొక్కాకు బదులు పొడుగాటి చెక్క పెట్టేసరికి, పాపం అర్బాబ్‌కు వడదెబ్బ తగిలిందనుకుని పరుగున వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ చెక్క అడుగున మైనం కరిగించి, ఇస్త్రీతో పరిచి, ఆరాక గీకి, గుడ్డతో రుద్దితేనే మంచు మీద జారుతుందని తర్వాత తెలిసింది. తెలిశాక ఆ పని మీద ప్రేమ పుట్టింది. ఇటుక మోసిన చేతులకు ఇంత నున్నటి పని దొరకడం దేవుడి దయ అనుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

దేవుడి దయ అనుకున్నాక ఇక దాని మీద కాలు ఎలా పెడతాడు? మన ఇళ్ళలో చేటకు కాలు తగిలినా, పుస్తకానికి కాలు తగిలినా వంగి ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం. మరి పూటపూటా అన్నం పెడుతున్న చెక్క మాటేమిటి? భోజన్న చెప్పులు గుమ్మం బయటే విడిచేవాడు. నేల మీద స్కీలు పరిచి ఉంటే దాటేవాడు కాదు, దుకాణమంతా చుట్టి వచ్చేవాడు. పొరపాటున బొటనవేలు తగిలితే చెక్కను ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. అది చూసి చూసి, స్కీలు కొనడానికి వచ్చే తెల్లపిల్లలు కూడా అలాగే అద్దుకోవడం మొదలుపెట్టారు. కొన్నాక చేయవలసిన లాంఛనం అనుకున్నారు కాబోలు. అర్బాబ్ అయితే ఇది సరుకు నాణ్యత పరీక్షించే ఇండియా పద్ధతి అని గట్టిగా నమ్మాడు.

మీరెప్పుడైనా జారారా అని ఎవరైనా అడిగితే భోజన్న మోకాలు పట్టుకుని మూలిగేవాడు. అలా నాలుగేళ్ళు గడిపేశాడు.

అంతలో మాల్ గుమ్మం పక్కనే ఏదో విదేశీ కంపెనీ పెద్ద స్కీల దుకాణం తెరిచింది. బర్ దుబాయ్ సందులోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆ రోజుల్లో కొట్టును నిలబెట్టింది ఎవరంటే చిట్టెమ్మ. రాజోలు వైపు మనిషి, జుమేరాలో ఒక విల్లాలో పని చేస్తుంది. చలికాలం సెలవులకు మంచుదేశాలు వెళ్ళే ముందు, స్కీలు బాగు చేయించుకు రమ్మని మేడమ్‌లు చెప్పేది పనిమనుషులకే కదా. చర్చిలో ప్రార్థన అయ్యాక చిట్టెమ్మ తన వాళ్ళందరినీ కూడేసి, "మాల్‌కి తీసుకెళ్ళేరంటే నా మీద ఒట్టే! మన అన్నయ్య గారి కొట్టుకే తేవాలి" అని గట్టిగా చెప్పింది. జుమేరా మేడమ్‌ల స్కీలు ఏ కొట్టులో బాగవుతున్నాయో మేడమ్‌లకు తెలియదు. చిట్టెమ్మకు తెలుసు. అది చాలు.

కానీ పనిమనుషుల దయతో ఎన్నాళ్ళు నడుస్తుంది? అర్బాబ్ కొడుకు హమద్ చదువు ముగించి వచ్చి ముదీర్‌గా, అంటే మేనేజరుగా, కుర్చీలో కూర్చున్నాడు. వచ్చీ రాగానే కొట్టు మూసి కాఫీ హోటల్ పెడదామన్నాడు. అర్బాబ్ అలిగి రెండు పూటలు గావా ముట్టలేదు. అప్పుడు హమద్ ఒక మెట్టు దిగాడు. మాల్ మంచుకొండ మీద జారడం నేర్పే బడి ఉంది. దాని పెద్ద మార్తా అనే స్విస్ ఆమె. బడి స్కీలన్నిటికీ మైనం పెట్టే పని ఇకనుంచి స్థానికుల కొట్టుకే ఇస్తానందట. ఆ పని వస్తే కొట్టు ఉంటుంది. రాకపోతే కొత్త సంవత్సరానికి ఖలాస్, కాఫీయే.

అర్బాబ్ ఎగిరి గంతేసి మార్తాను కలిసి వచ్చాడు. ఆమె ఒకటే షరతు పెట్టింది. మైనం పెట్టినవాడే ఆ స్కీలు కట్టుకుని తన కళ్ళ ముందు జారాలి. తను వండిన కూర తను తినని వంటవాణ్ణి నమ్మనంది.

"మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదని చెప్పొచ్చాను," అన్నాడు అర్బాబ్, భోజన్న భుజం చరిచి. "మా భోజన్న సింహం అన్నాను. శనివారం పొద్దున. యల్లా, మంచి జత చూసి మైనం పెట్టుకో."

సింహం వెళ్ళి మైనం డబ్బాల పక్కన కూలబడింది. ఈ వయసులో మళ్ళీ ఇటుకలు మోయనిచ్చే కంపెనీ ఏదీ లేదు. ఇంటికి పోదామంటే, చెక్కకు మైనం రుద్దే విద్య నిర్మల్‌లో ఎవరికి కావాలి? కొట్టు మూతపడితే తన బతుకూ మూతపడినట్టే. కొట్టు నిలవాలంటే అన్నం పెట్టే చెక్కను కాళ్ళ కింద వేసి తొక్కాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సాయంత్రం మేడమ్ గారి పిల్లల బూట్ల సంచీ ఈడ్చుకుంటూ చిట్టెమ్మ వచ్చింది. భోజన్న ముఖం చూసి సంచీ అక్కడే వదిలేసింది.

"ఏవయ్యింది అన్నయ్య గారూ? ఒంట్లో బాగోలేదా?"

భోజన్న అంతా చెప్పాడు. "నాతోని కాదు చెల్లె. గా చెక్క మీద కాలువెట్టుడంటే పళ్ళెంల కాలువెట్టినట్టే. పాపం తగుల్తది."

"అదేంటండీ బాబూ! కొన్నోళ్ళందరూ తొక్కట్లేదేంటండీ?"

"ఆళ్ళు కొనుక్కున్నరు. ఆళ్ళకది బొమ్మ. నాకది బువ్వ."

చిట్టెమ్మ బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది. "మా పాస్టర్ గారిని అడగమంటారా? మా దేవుడికి చెక్కల పట్టింపు లేదండి."

"మీ దేవుని ఒప్పించినా మా దేవుడు ఊకోవాలె గద," అని నిట్టూర్చాడు భోజన్న.

చివరికి ఆమే ఫోన్ తీసుకుని భోజన్న భార్య లింగవ్వకు కలిపింది. లింగవ్వ పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. సంగతి విన్నది. విని, ఆడవాళ్ళకు సహజమైన ఓపికతో మొగుణ్ణి చెరిగేసింది.

"ఏందయ్యా నీ పంచాది? పొలంల గుంటుక మీద నిలవడి ఎడ్లను తోలలేదా? గుంటుక బువ్వ పెట్టలేదా మనకు?"

"తోలిన. కానీ పొద్దుగాల మొక్కి ఎక్కినం గద."

"మరి గిప్పుడు మొక్కద్దని ఎవలన్నరు? మొక్కి ఎక్కు. కాలు తగిలినప్పుడల్లా మళ్ళ మొక్కు. దుబాయ్ పోంగనే తెలివి అరబ్బోళ్ళకు ఇచ్చేసినవా?"

ధర్మసందేహం తీరింది. మిగిలింది విద్య. అది చిట్టెమ్మ చెప్పింది. మేడమ్ గారి పిల్లలకు పాఠం జరుగుతున్నంతసేపూ కంచె పక్కన పాల సీసాలతో నిలబడి నిలబడి, జారడం తప్ప మిగతావన్నీ ఆమెకు వచ్చేశాయి. కొట్టులో తివాచీ మీద భోజన్నను గోనెసంచీలో కాళ్ళు పెట్టించి నిలబెట్టింది. స్కీల మీద ఎక్కేది శనివారమే అని అతను పట్టుబట్టాడు మరి.

"మోకాళ్ళు వంచండి. వెనక్కి వాలకండి, వాలేరంటే పడతారు. ఎప్పుడూ ముందుకే వంగాలండి. ఆగాలంటే ముందు కొనలు రెండూ దగ్గరికి తెచ్చి, మడమలు దూరంగా పెట్టాలి. పిల్లలకి పిజ్జా, పిజ్జా అని చెప్తారండి."

"గదెట్లుంటదో నేనెన్నడు తిన్న?"

"పోనీ సమోసా అనుకోండి. ఆగాలంటే సమోసా. అంతే."

భోజన్న అప్పటినుంచి నిద్రలో కూడా సమోసా జపం చేశాడు. గదిలో పక్క మంచం వాడు జాలిపడి మర్నాడు నిజంగానే రెండు కొనుక్కొచ్చి పెట్టాడు.

శనివారం వచ్చింది. మంచుకొండ లోపల చలికి భోజన్న మీసం బిరుసెక్కింది. అర్బాబ్ కందూరా మీద బస్తాలాంటి కోటు వేసుకుని, వాలు దిగాక వచ్చే చదును నేలకు ఆ చివర, కంచెను ఆనుకుని ఠీవిగా నిలబడ్డాడు. పక్కన హమద్ ఫోన్ చూసుకుంటున్నాడు. చిట్టెమ్మ మేడమ్ గారి పిల్లలను వెంటబెట్టుకుని కంచె అవతల నిలబడి పెదవులు కదుపుతోంది, ప్రార్థనే అయి ఉంటుంది. పై నుంచి పడే ప్రమాదం లేకుండా మార్తా అతనికి పిల్లల వాలే ఇచ్చింది. తలకు టోపీ బిగించి, యెస్ అంది.

భోజన్న నో అనలేదు గానీ ఎక్కలేదు. స్కీలు రెండూ మంచు మీద పక్కపక్కన పెట్టి, జేబులోంచి పొట్లం తీసి, కొనలకు పసుపు పెట్టి, కుంకుమ బొట్టు పెట్టాడు. అగరొత్తి కూడా తెచ్చాడు కానీ పొగ వస్తే మాల్ అంతా గంటలు మోగుతాయని చిట్టెమ్మ ముందే భయపెట్టింది. వెలిగించకుండానే మూడుసార్లు తిప్పాడు. తల్లీ, కాలు పెడుతున్నా, కోపం తెచ్చుకోకు, కొట్టు నిలబెట్టు అని కళ్ళు మూసుకున్నాడు.

"ఏమిటిది?" అంది మార్తా.

"నాణ్యత పరీక్ష," అని చదునుకు అవతలి నుంచి కేకేశాడు అర్బాబ్. "ఇండియా పద్ధతి!"

భోజన్న బూట్లు చెక్కల్లో నొక్కాడు. టక్కుమన్నాయి. ఒక్క నిమిషం ఏమీ కాలేదు. తర్వాత కొండ కదిలిందనుకున్నాడు. కదిలింది కొండ కాదు.

నాలుగు బారలు పోయాడో లేదో, కుడికాలి స్కీ వెళ్ళి ఎడమకాలి స్కీ మీద ఎక్కింది. అయ్యో, తొక్కితిని! ఠక్కున నడుం వంచి, ముట్టుకుని, కళ్ళకద్దుకున్నాడు. కొత్తవాడెవడైనా ఆ క్షణంలో వెనక్కి పడాలి. భోజన్న పడలేదు. ఎందుకంటే అప్పటికే ముందుకు వంగి ఉన్నాడు. కాళ్ళు విడివడ్డాయి, మళ్ళీ కలిశాయి. ఈసారి ఎడమది కుడిదాని మీద. మళ్ళీ వంగాడు, మళ్ళీ అద్దుకున్నాడు. ముందుకు వంగండి, ముందుకు వంగండి అని పొద్దస్తమానం పిల్లల మీద అరిచి గొంతు పోగొట్టుకున్న మార్తా నోరు తెరుచుకుని చూస్తోంది. తన జన్మలో ఇంత వినయంగా జారినవాణ్ణి ఆమె చూడలేదు.

వంగుతూ, మొక్కుతూ, లేస్తూ, మళ్ళీ వంగుతూ భోజన్న వాలంతా దిగేశాడు. దిగినందుకు సంతోషం గుండెలో పుట్టింది. చదును వచ్చింది. ఇక ఆగుతాననుకున్నాడు. ఆగలేదు. చదును మీద కూడా స్కీలు నూనె పూసినట్టు పోతూనే ఉన్నాయి. తలెత్తి చూస్తే ఎదురుగా అర్బాబ్, రెండు చేతులూ చాపి, షాబాష్ షాబాష్ అంటున్నాడు.

"సమోసా! సమోసా!" అని చిట్టెమ్మ కంచె పట్టుకుని అరిచింది.

సమోసా గుర్తొచ్చింది. కానీ కాళ్ళకు రాలేదు.

"అర్బాబ్, హటో!" అన్న కేక, దానితోపాటు భోజన్న, ఒకేసారి చేరుకున్నారు. తెల్ల కందూరా, బస్తా కోటు, పసుపు కుంకుమ, చెక్కలు అన్నీ కలిసి ఒక కుప్పయ్యాయి. మంచు సర్దుకున్నాక చూస్తే, అర్బాబ్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఆయనకు ఎదురుగా భోజన్న కూడా వెల్లకిలా. అతని రెండు కాళ్ళూ, స్కీలతో సహా, అర్బాబ్ పొట్ట మీద ఉన్నాయి.

భోజన్న తన కాళ్ళకేసి చూశాడు. చెక్క మీద కాలు పెట్టడానికే ఇంత ఆలోచించినవాడు, ఆ చెక్కలిచ్చి అన్నం పెట్టిన మనిషి మీద పెట్టేశాడు. ఇంతకంటే పెద్ద పాపం ఉండదు. కొట్టు పోయింది, పరువు పోయింది, పుణ్యం కూడా పోయింది. కన్నీళ్ళు వచ్చేశాయి.

"తప్పైంది అర్బాబ్! మాఫ్ కరో అర్బాబ్!" అంటూ ఎలాగో లేచి, కాళ్ళకు దండం పెట్టబోయి వంగాడు. వంగగానే స్కీలు మళ్ళీ కదిలాయి.

"లా, లా! అక్కడే ఉండు!" అని అర్బాబ్ మంచులో దొర్లుకుంటూ తప్పుకున్నాడు. "క్షమించాను! ఖలాస్, క్షమించాను! దగ్గరికి రాకు!"

హమద్ ఫోన్ పారేసి పరుగెత్తుకొచ్చి తండ్రిని లేపబోయాడు. అర్బాబ్ లేవలేదు. గుప్పెట్లో మంచు పట్టుకుని, గడ్డం నిండా మంచు పూసుకుని, పొట్ట అదిరేలా నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళుగా ఆయన మంచు పేరు చెప్పి శాలువా కప్పుకుని కూర్చున్నాడే గానీ, పడితే నలుగురూ నవ్వుతారని మంచులో చెక్కల మీద కాలు పెట్టినవాడు కాదు. ఇప్పుడు నలుగురూ నవ్వుతూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువ తనే నవ్వుతున్నాడు. తల్లి పోయాక తండ్రి అలా నవ్వడం హమద్ ఇదే మొదటిసారి చూడటం. కాఫీ హోటల్ మాట ఆ పూట అతని నోట రాలేదు.

ఇవతల మార్తా మాత్రం నవ్వడం లేదు. వాలు చివరి నుంచి భోజన్న పడిన చోటిదాకా స్కీల గీతల వెంబడే నడుస్తూ వస్తోంది. మధ్యలో ఒకచోట ఆగింది. తన బడి పిల్లలు రోజూ ఆగిపోయేది అక్కడే. అక్కడినుంచి కర్రలతో పొడుచుకుంటూ, ఏడుస్తూ నడుస్తారు. భోజన్న గీతలు మాత్రం ఆ చోటు దాటి, కంచెదాకా, అర్బాబ్ పొట్టదాకా ఆగకుండా వచ్చాయి. ఆమె వంగి, అతని స్కీలు విప్పించి, ఒకదాని అడుగున వేలితో రాసి చూసింది. తర్వాత అర్బాబ్‌తో ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. చెబుతూ రెండుసార్లు భోజన్న వైపు వేలు చూపించింది. రెండోసారి వేలు చాలా కోపంగా ఆడింది.

భోజన్న కంచె పట్టుకున్నాడు. "ఏమంటున్నది చెల్లె? అయిపోయిందా?"

చిట్టెమ్మ కంచె మీదినుంచి వంగి, అంతా విని, ఊపిరి పీల్చుకుని చెప్పింది. "పని మనకే ఇచ్చేరండి! ఇలాంటి మైనం ఆవిడ ఊళ్ళో కూడా చూళ్ళేదంట. బడి స్కీలన్నీ సోమవారం నుంచి మన కొట్టుకే వచ్చేత్తాయంట."

భోజన్న చెంపలు వేసుకున్నాడు.

"కాకపోతే ఒక షరతండి అన్నయ్య గారూ. మీరు బాధపడకూడదు మరి. మీరు మాత్రం బతికుండగా ఇంకెప్పుడూ స్కీల మీద కాలు పెట్టకూడదంట. అర్బాబ్ గారు మీ తరఫున మాటిచ్చేరు."

భోజన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకోపారి చెప్పు చెల్లె."

"బతికుండగా కాలు పెట్టకూడదంటండి."

అతను ఉన్నచోటే మంచులో మోకాళ్ళ మీద పడి, మార్తాకు రెండు చేతులూ జోడించి భోరుమన్నాడు. మార్తా కంగారుపడిపోయింది. పాపం మరీ కఠినంగా మాట్లాడానేమో, నెలకొకసారి పిల్లల వాలు మీద మాత్రం జారనిద్దామా అని అర్బాబ్‌ను మెల్లగా అడిగింది.

"వద్దు, వద్దు!" అని కంచె అవతలినుంచి చిట్టెమ్మ పెట్టిన కేకకు మేడమ్ గారి పిల్లలు ఉలిక్కిపడ్డారు. "అస్సలొద్దండి! ఆయ్, ఆ షరతు అలాగే ఉంచండి మేడమ్ గారూ!"